పోయిన ఊళ్ళు – మిగిలిన కాగితాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని కార్యవర్గ మిత్రులు కోరారు. పెన్షను, కరువు భత్యం, వైద్య ఖర్చుల గురించి నాకంటే బాగా రాయగల సమర్థులు మనలో ఎందరో ఉన్నారు. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, రికార్డు గదుల దుమ్ములోనే సర్వీసు పూర్తి చేసుకున్నవాడిని. కనుక నాకు తెలిసిన విషయమే రాస్తాను. మన నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతంలో కనబడకుండా పోయిన ఊళ్ళ గురించీ, వాటి చరిత్రను నిలుపుకోవడంలో మనబోటి వాళ్ళు చేయగల పని గురించీ నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఊరు పోవడం రెండు విధాలు. నీళ్ళు వచ్చి మునిగిపోవడం ఒకటి. ఇది అందరి కంటికీ కనిపిస్తుంది. దారి మారిపోయి, వచ్చేపోయే జనం తగ్గి, ఇళ్ళు ఉండగానే ఊరు పోవడం రెండవది. ఇది ఎవరికీ కనిపించదు. మన ప్రాంతం ఈ రెండింటినీ చూసింది.

దారి మారిన ఊరు

నిజాం ప్రభుత్వంలో సాలార్‌జంగ్ దివానుగా ఉండగా 1865లో జిలాబందీ జరిగి జిల్లాల పాలన మొదలైంది. ఆ తొలి రోజుల్లో జిల్లా కచేరీ నాగర్‌కర్నూల్‌లో ఉండేది. 1880ల తొలి సంవత్సరాల్లో అది పాలమూరుకు తరలింది. 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. కచేరీ వెళ్ళిపోతే ఊరికి ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కర లేదు. వకీళ్ళు, అర్జీలు రాసేవాళ్ళు, స్టాంపులు అమ్మేవాళ్ళు, పూటకూళ్ళ ఇళ్ళవాళ్ళు, బండ్లవాళ్ళు అందరూ దాని వెంట నడుస్తారు. మళ్ళీ 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రం అయింది. అదే రోజున వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు కూడా ఏర్పడ్డాయి. కొత్త కలెక్టరేటుకు పనిమీద వచ్చే యువకులలో ఎంతమందికి ఈ ఊరు నూటనలభై ఏళ్ళకు పూర్వం కూడా జిల్లా కేంద్రమని తెలుసో చెప్పలేను.

కచేరీ తరువాత రైలు వచ్చింది. అదీ నాగర్‌కర్నూల్‌కు రాలేదు. 1916 నాటికి, అంటే మన రికార్డుల లెక్కలో 1325 ఫసలీ ప్రాంతంలో, సికింద్రాబాదు నుంచి గద్వాల దాకా మీటర్ గేజి లైను పూర్తయింది. కాచిగూడ స్టేషను కట్టినదీ ఆ సంవత్సరమే. షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, వనపర్తి రోడ్డు, గద్వాల – ఈ వరుసలో పట్టాలు పడ్డాయి. ఆ తరువాత ఆ లైను కర్నూలు మీదుగా ద్రోణాచలం దాకా సాగి, దక్షిణాది మీటర్ గేజి దారులతో కలిసింది. నాగర్‌కర్నూల్, కొల్లాపూర్, అచ్చంపేట వైపు వారికి రైలు ఎక్కాలంటే జడ్చర్లకో మహబూబ్‌నగర్‌కో పోవడమే గతి.

రైలు తెచ్చిన ఊళ్ళు

స్టేషన్ల పేర్లను ఒకసారి జాగ్రత్తగా చూడండి. వనపర్తి రోడ్డు, ఆలంపూర్ రోడ్డు. ఈ ‘రోడ్డు’ అన్న మాటకు అర్థం ఏమిటంటే, ఇది ఆ ఊరు కాదు, ఆ ఊరికి పోయే బాట ఇక్కడ మొదలవుతుంది అని. వనపర్తి రోడ్డు స్టేషను ఉన్నది మదనాపురంలో. అక్కడినుంచి వనపర్తి పది మైళ్ళకు పైనే. సంస్థానం ఒకచోట, స్టేషను మరొకచోట. ఈ రెంటి మధ్య దూరమే స్టేషను దగ్గర ఒక చిన్న బస్తీని పుట్టించింది.

రైలు దిగినవాడికి బండి కావాలి. రాత్రి రైలు దిగితే తల దాచుకోను చోటు కావాలి. తెల్లవారితే చాయ కావాలి. పల్లి, ఆముదం, పత్తి బస్తాలు వ్యాగనులోకి ఎక్కించేందుకు హమాలీలు కావాలి. సరుకు తూచేందుకు కాంటా, దించేందుకు గోదాము, లెక్క రాసేందుకు గుమాస్తా కావాలి. ఇంతమంది చేరాక స్టేషను వెనక ఒక వీధి తయారవుతుంది. ఆ వీధికి రికార్డులో ప్రత్యేకంగా పేరేమీ ఉండదు. జనం ‘టేషను కాడ’ అంటారు, అంతే. కానీ మా చిన్నతనంలో ‘టేషను కాడ’ అంటే అదొక వేరే లోకం. ఊళ్ళో వారానికి ఒకసారి దొరికే వస్తువు అక్కడ రోజూ దొరికేది. హైదరాబాదు పత్రిక ముందుగా అక్కడికి వచ్చేది. పట్నం కబురు ఏదైనా మొదట స్టేషను మాస్టరుకు, ఆ తరువాత చాయ హోటలు వాడికి, మూడవనాడు ఊరికి తెలిసేది.

షాద్‌నగర్ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. నిజాం ప్రభుత్వంలో ప్రధానమంత్రిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ ఉర్దూలో, పారశీకంలో కవిత్వం చెప్పేవారు. ఆయన కలం పేరు ‘షాద్’. ఆ కలం పేరే ఊరి పేరై, స్టేషను పలక మీదికి ఎక్కి, ఇప్పటికీ నిలిచింది. జడ్చర్లను ఆనుకొని ఉన్న బాదేపల్లి సరుకుల మార్కెట్టుగా పెరిగింది.

ఈ లైను దేశమంతటికీ తెలిసింది మాత్రం ఒక దుర్ఘటన వల్ల. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల – మహబూబ్‌నగర్ మధ్య వరద తాకిడికి వంతెన కూలి ప్యాసింజరు రైలు పడిపోయింది. నూరుమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా ఇవ్వబోతే నెహ్రూ గారు ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాట అరియలూరు వద్ద మరో ఘోర ప్రమాదం జరిగాక శాస్త్రి గారు పదవి వదిలారు. ఆ రాజీనామా గురించి పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. కానీ దానికి తొలి కారణం మన పాలమూరు వాగు అని మన పిల్లలకు చెప్పేవారు లేరు.

రైలు ఉండగానే పోయినవి

స్టేషను వీధులను మొదట దెబ్బ తీసింది బస్సు. చిత్రం ఏమిటంటే ఆ బస్సును తెచ్చింది కూడా రైల్వే వారే. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. నేటి ఆర్టీసీకి మూలం అదే. బస్సు ఊరి నడిబొడ్డున దించుతుంది. అలాంటప్పుడు స్టేషను దగ్గర దిగి బండి కట్టించుకోవలసిన పని ఏముంది? మొదట బండ్లవాళ్ళు పోయారు. తరువాత రాత్రి బసలు పోయాయి. లారీలు వచ్చాక గోదాములు ఖాళీ అయ్యాయి.

నిజాం రైల్వే 1951లో కేంద్ర ప్రభుత్వ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. పేర్లు మారినా పట్టాలు అవే. కాచిగూడ నుంచి తిరుపతి పోయే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కూడా ఆ మీటరు పట్టాల మీదే నడిచేది. 1990లలో లైనును బ్రాడ్ గేజికి మార్చారు. ఇరుకు పట్టాలు, వాటితోపాటు చిన్న పెట్టెలు, ఆవిరి ఇంజనులకు నీళ్ళు పట్టే గొట్టపు స్తంభాలు అన్నీ పోయాయి. వేగం వచ్చింది. సౌకర్యం వచ్చింది. 2013లో గద్వాల – రాయచూరు లైను వచ్చింది. 2023లో మహబూబ్‌నగర్ దాకా రెండవ లైను కూడా వచ్చింది. ఇవన్నీ సంతోషించవలసిన విషయాలే. గద్వాల – మాచర్ల లైను కోసం మన పెద్దలు దశాబ్దాలుగా అర్జీలు పెడుతూనే వచ్చారు. నాగర్‌కర్నూల్‌కు మాత్రం రైలు ఇంకా రాలేదు.

అభివృద్ధి వద్దని ఎవరూ అనరు. పాతది పోయేటప్పుడు ఫలానా చోట ఫలానాది ఉండేదని ఒక కాగితం మీద రాసి పెట్టుకోవలసింది. ఆ పని జరగలేదన్నదే నా బాధ.

నీళ్ళలో పోయిన ఊళ్ళు

ఇక రెండవ విధం. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జులైలో నెహ్రూ గారు పునాదిరాయి వేశారు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. 1980ల తొలి నాటికి ఆ నీరు కృష్ణ వెంబడి, తుంగభద్ర వెంబడి వెనక్కి ఎక్కి, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్ళను ముంచింది. దాదాపు లక్ష మంది జనం కదిలారు. మనవైపు జటప్రోలు, సోమశిల, మంచాలకట్ట, మల్లేశ్వరం, కూడవెల్లి, ప్రాగటూరు వంటివి ముంపు పాలయ్యాయి. కొన్ని ఊళ్ళు అదే పేరుతో మెట్ట మీద మళ్ళీ లేచాయి. పేరు అదే అయినా ఊరు అది కాదు.

ఆ రోజుల్లో నేను జూనియర్ అసిస్టెంటుగా భూసేకరణ పనిలో కొంతకాలం చేశాను. ఇంటి కొలతలు, గోడ రాయిదా మట్టిదా, దూలాలు ఎన్ని, చెట్లు ఎన్ని, బావికి కట్టు ఉందా లేదా – ఇవన్నీ రిజిస్టరులో గళ్ళుగా రాసేవాళ్ళం. చింతచెట్టుకు ఒక ధర, వేపచెట్టుకు ఒక ధర. ఒక ముసలమ్మ తన ఇంటి ముందరి వేపచెట్టును చూపించి, “సారూ, ఈ చెట్టు కింద నా బిడ్డ పెండ్లి అయింది, అది గూడ రాసుకో” అన్నది. రిజిస్టరులో ఆ మాట రాసేందుకు గడి లేదు. చెట్టు చుట్టుకొలత రాసుకొని ముందుకు పోయాం. ఉద్యోగ ధర్మం అంతవరకే.

1981 వేసవిలో ఇళ్ళు కూల్చి జనాన్ని తరలించిన తీరు అప్పట్లో పత్రికలకు ఎక్కింది. 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ముంపు కుటుంబాల వారికి ఉద్యోగాలు ఇవ్వాలన్న ఆ జీవో మన సర్వీసు వాళ్ళందరికీ తెలిసిందే. దాని అమలు కోసం ఆ పిల్లలు ముసలివాళ్ళు అయ్యేదాకా ధర్నాలు చేశారు. ఏటికి ఆవలి ఒడ్డు దూరమైంది. ఒకప్పుడు పుట్టిలో దాటిన ఏరు సముద్రమంత వెడల్పయింది. 2007 జనవరిలో మంచాలకట్ట – నెహ్రూనగర్ మధ్య పడవ మునిగి అరవై మంది దాకా జలసమాధి అయ్యారు. ముంపు కథ 1981తో ముగియలేదనడానికి ఇదొక నిదర్శనం.

గుడి కదిలింది – ఊరు కదలలేదు

ఒక మంచి పనిని ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. కృష్ణా తుంగభద్రల సంగమం వద్ద కూడవెల్లిలో ఉన్న చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, ఆలంపూర్‌లో తిరిగి నిలిపారు. పాపనాశి గుళ్ళను, సోమశిల గుళ్ళను, జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయాన్ని కూడా ఎత్తయిన చోటికి తరలించారు. పురావస్తు శాఖ వారి శ్రమ అపారం. అంతకుముందు నాగార్జునసాగర్ కట్టినప్పుడు కూడా 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, ఇక్ష్వాకుల విజయపురి శిథిలాలను కొండ మీది మ్యూజియంలో భద్రపరిచారు.

అయితే ఒక తేడా గమనించండి. వెయ్యేళ్ళ కిందటి రాయికి నంబరు దొరికింది. నిన్నటిదాకా మనిషి బతికిన వాడకు దొరకలేదు. గుడి వచ్చింది గానీ గుడి ముందరి రచ్చబండ రాలేదు. పీర్ల చావిడి రాలేదు. సంత మైదానం, చాకిరేవు, పుట్టి ఆగే రేవు, మొదటి వాన కురవగానే దున్నే చెలక రాలేదు. జటప్రోలు సంగతే తీసుకుందాం. సురభి వారి సంస్థానానికి మొదటి రాజధాని అది. రాజధాని తరువాత కొల్లాపూర్‌కు మారింది. ‘చంద్రికాపరిణయం’ రాసిన సురభి మాధవరాయలు ఆ వంశం వారే. కావ్యం దొరుకుతుంది, గుడి దొరుకుతుంది. ఆ రెంటి మధ్య బతికిన సాలె వీధి ఎక్కడ ఉండేదో చెప్పగలవారు ఇవాళ ఎందరున్నారు?

వేసవిలో నీళ్ళు వెనక్కి పోయినప్పుడు మొండి గోడలు, గడపరాళ్ళు బయటపడతాయి. పాతకాలం వాళ్ళు పిల్లలను వెంటబెట్టుకొని పోయి “ఇదీ మన ఇల్లు” అని చూపిస్తారు. ఆ చూపించే చేయి లేకపోతే అవి ఉత్త రాళ్ళే.

మన పూర్వులు చేసిన పని

చరిత్ర రాయడం పండితుల పని అని మనం తప్పించుకోరాదు. దత్తమండలాల్లో కర్నల్ మెకంజీ సేకరించిన కైఫీయత్తుల వెనుక పల్లెటూరి కరణాలు ఉన్నారు. వాళ్ళు తమ కవిలెకట్టలు విప్పి చెప్పినందువల్లే ఆ ఊళ్ళ కథలు రెండు వందల ఏళ్ళు నిలిచాయి. ఆ కరణాలు మన వృత్తి పూర్వీకులు.

మన ప్రాంతం బిడ్డ, ఇటిక్యాలపాడు స్వగ్రామంగా గల సురవరం ప్రతాపరెడ్డి గారు తెలంగాణలో కవులు లేరన్న మాటకు కోపగించి ఊరుకోలేదు. ఊరూరి నుంచి వివరాలు రప్పించి 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చు వేశారు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలు కాక జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట ఉన్నాయి. ఆ పుస్తకానికి 1955లో తెలుగులో తొలి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆలంపూర్ వాసి గడియారం రామకృష్ణ శర్మ గారు జీవితమంతా ఆ క్షేత్రం గుళ్ళను, శాసనాలను పట్టించుకున్నారు. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు 2007లో సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. వీరిద్దరూ తమ ఊరి చుట్టుపక్కల ఉన్నదాన్ని ముందు పోగుచేసినవారే.

మనం చేయగల పని

మన చేతిలో ఉన్న విద్య ఏమిటంటే కాగితం చదవడం. సేత్వారు, వసూల్ బాకీ, 1954–55 నాటి ఖాస్రా పహాణీ, ఫైసల్ పట్టీ, టిప్పన్ – ఈ పేర్లు వినగానే దాంట్లో ఏముంటుందో చెప్పగలిగేది ఇవాళ మన తరమే. నిజాం కాలపు ఉర్దూ రాతను చదవగలవారు మన సంఘంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు, 1985లో తాలూకాలు మండలాలైనప్పుడు కట్టలు ఎక్కడినుంచి ఎక్కడికి పోయాయో మనకు తెలుసు. 2020లో ధరణి వచ్చింది. 2025లో భూభారతి వచ్చింది. కంప్యూటరులో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు ఉంటాయి. మంచిదే. ఆ పొలాన్ని జనం ‘రేవు చెలక’ అని ఎందుకు పిలిచేవారో కంప్యూటరులో ఉండదు.

కనుక సభ్యులకు కొన్ని సూచనలు మనవి చేస్తున్నాను.

ఒకటి: ప్రతి సభ్యుడూ తన సొంత ఊరి గురించి, లేదా పనిచేసిన ఊళ్ళలో ఒకదాని గురించి రెండు పేజీలు రాయాలి. వాడల పేర్లు, బావుల పేర్లు, పొలాల పేర్లు, సంత జరిగే వారం, రేవు, బండ్ల బాట – ఇవి చాలు. శైలి గురించి చింత వద్దు. ఆఫీసు నోటు రాసినట్లు రాసినా సరే.

రెండు: ముంపు ఊళ్ళ వారు ముందుగా రాయాలి. జ్ఞాపకానికి ఆధారం కావాలంటే 1961, 1971 జనాభా లెక్కల జిల్లా పుస్తకాలలో ఆ ఊళ్ళు, ఇళ్ళ సంఖ్య, జనసంఖ్యతో సహా ఉన్నాయి. సర్వే ఆఫ్ ఇండియా వారి పాత పటాల్లో బాటలు, గుళ్ళు, బావులు కూడా గుర్తించి ఉంటాయి. నిజాం కాలపు కాగితాలకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖ భాండాగారం ఉంది.

మూడు: స్టేషన్ల దగ్గర పనిచేసినవారు, వ్యాపారం చేసినవారు, హమాలీలు ఇంకా ఉన్నారు. మీటర్ గేజి కాలం సంగతులు వారి నోటనే వినాలి. రైల్వే పెన్షనర్ మిత్రులను కూడా పిలుద్దాం.

నాలుగు: ఇంట్లో ఉన్న పాత ఫోటోల వెనుక పేర్లు, ఊరు, సంవత్సరం పెన్సిలుతో రాసి పెట్టండి. పేరు లేని ఫోటో మన తరువాత చెత్తబుట్టలోకే పోతుంది.

ఐదు: ఉర్దూ వచ్చిన సభ్యులు నెలకు ఒక్క ఆదివారం ఇస్తే, ఇళ్ళలో పడి ఉన్న ముంతఖబులు, సనదులు చదివి తెలుగులో సారాంశం రాసుకోవచ్చు. అసలు కాగితం యజమాని దగ్గరే ఉంటుంది. నకలు మాత్రమే మనది.

ఆరు: ఇలా వచ్చినవన్నీ మూడు ప్రతులు తీయించి ఒకటి సంఘంలో, ఒకటి జిల్లా గ్రంథాలయంలో, ఒకటి ఆ ఊరి బడిలో ఉంచాలి. ఒకచోట చెద పట్టినా మరోచోట మిగులుతుంది.

సర్వీసులో ఉన్నన్ని రోజులూ మనం పైవారు అడిగిన సమాచారం గళ్ళలో నింపి పంపాం. అడగని సంగతులు మన దగ్గరే మిగిలిపోయాయి. వేపచెట్టు కింద జరిగిన పెండ్లి అలాంటిదే. ఇప్పుడు పైవారు లేరు, గడువు తేదీ లేదు, రిమైండరు రాదు. వయసు ఒక్కటే మనకు గడువు. మన సభ్యుల జాబితాలో ప్రతి ఏటా కొన్ని పేర్లకు ముందు ‘కీర్తిశేషులు’ అని చేరుస్తున్నాం. ఆ ఒక్కొక్క పేరుతో ఒక్కొక్క ఊరి సమాచారం పోతున్నదని గుర్తిస్తే చాలు.

వచ్చే సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు లైఫ్ సర్టిఫికెట్‌తో పాటు మీ ఊరి గురించి రెండు పేజీలు తీసుకురండి. నా వంతుగా మంచాలకట్ట మీద నాకు గుర్తున్నంత రాసి కార్యదర్శి గారికి అందజేశాను. ఆ ఊరి వారెవరైనా చదివి, తప్పులు దిద్ది, మిగిలినది చేర్చగలరని ప్రార్థన.